క్యాలిబ్రేషన్‌కి వెళ్లే స్కోప్‌లో కస్టమర్ డేటా ఉండిపోతుందా?

ప్రశ్న: నేను చర్లపల్లిలో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో టెస్ట్ ఇంజనీర్‌ని. మొత్తం 22 మందిమి. రక్షణ రంగానికి సరఫరా చేసే ఒక పెద్ద సంస్థకి ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) మాడ్యూళ్లు చేసి, టెస్ట్ చేసి ఇస్తాం. మా కొలత పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూసే క్యాలిబ్రేషన్ కోసం వాటిని బయటి ల్యాబ్‌కి పంపుతాం. పోయిన నెల వాళ్ల ఆడిటర్ వచ్చి, "మీ పరికరాలు క్యాలిబ్రేషన్‌కి బయటికి పంపేటప్పుడు వాటిలో ఉన్న మా డేటా సంగతేంటి?" అని అడిగారు. స్విచ్ ఆపితే పోతుంది సార్ అన్నాను. అదే రాసివ్వండి అన్నారు. రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడలేదు. మా దగ్గర విండోస్ 7 మీద నడిచే ఆసిలోస్కోప్ (సిగ్నల్ ఆకారాన్ని తెర మీద గీసి చూపేది, స్కోప్ అంటాం), ఒక స్పెక్ట్రమ్ అనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలముందో చూపేది), ఒక సిగ్నల్ జనరేటర్ (పరీక్ష సిగ్నల్ పుట్టించేది), రెండు బెంచ్ మల్టీమీటర్లు ఉన్నాయి. మా ఎండీ గారు హార్డ్ డిస్క్ పీకేసి పంపించెయ్ అంటున్నారు. పైగా మా కుర్రాళ్లు స్కోప్‌ని ఆఫీసు వైఫైకి కలిపి వాడుతున్నారు. వచ్చే నెల 10కి క్యాలిబ్రేషన్ గడువు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, రాయబోతుంటే చెయ్యి ఆగిపోవడం మంచిదే అయింది. తెలియని సంగతిని తెలిసినట్టు రాసి సంతకం పెట్టి ఉంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఆ కాగితమే మీ మీదికి వచ్చేది. ఆడిటర్ గారు అడిగిన ప్రశ్న న్యాయమైనది. దానికి సరైన జవాబు కూడా ఉంది. నెల రోజుల గడువులో చేసుకోగలిగిన పనే, కంగారు పడకండి.

"స్విచ్ ఆపితే పోతుంది" అనే మాట పాత అనలాగ్ స్కోపుల కాలంలో నిజం. అప్పుడు తెర మీద గీత వెలిగినంతసేపే ఉండేది. ఇప్పుడు మీ బెంచి మీద ఉన్నవన్నీ కంప్యూటర్లే. వాటిలో రెండు రకాల మెమరీ ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునేది ఒకటి, కరెంటు తీసేసినా గుర్తుంచుకునేది ఇంకొకటి. కొలత జరుగుతున్నప్పుడు శాంపిళ్లు వచ్చి పడేది సాధారణంగా మొదటి రకంలో. అది స్విచ్‌తో పోతుంది. మీరన్నది అంతవరకు నిజమే. చిక్కంతా రెండో రకంతోనే. మీరు సేవ్ చేసిన ఫైళ్లు అందులో ఉంటాయి. మీరు సేవ్ చెయ్యకపోయినా పరికరం తనంతట తాను దాచుకునేవి కూడా అందులోనే ఉంటాయి.

ఈ రెండో సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. చాలా ఏళ్ల కిందట మా ల్యాబ్ కోసం ఒక పాత స్పెక్ట్రమ్ అనలైజర్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. అమ్మినవాళ్లు అన్నీ తుడిచేసి ఇచ్చామన్నారు. స్విచ్ వేస్తే చివరిసారి ఆపినప్పుడు ఎలా ఉందో అలాగే లేచింది. తెర మీద మధ్య ఫ్రీక్వెన్సీ ఉంది, స్పాన్ (చూసే ఫ్రీక్వెన్సీల వెడల్పు) ఉంది, ఒక లిమిట్ లైన్ (కొలత దాటకూడని హద్దు గీత) ఉంది, ఆ లిమిట్ లైన్‌కి పెట్టిన పేరులో ప్రాజెక్ట్ పేరు ఉంది. ఒక్క కొలత కూడా లేదు. అయినా ఆ పాత యజమాని ఏ బ్యాండ్‌లో పనిచేసే వస్తువు చేస్తున్నాడో, ఎన్ని డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలం కొలత) దాకా ఒప్పుకుంటాడో, ఆ వస్తువు పేరేమిటో నాకు రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. మీలాంటి ఆర్‌ఎఫ్ పని చేసేవాళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి. వేవ్‌ఫాం (సిగ్నల్ ఆకారం) ఫైళ్లు చెరిపేస్తే చాలనుకుంటాం. కానీ లిమిట్ లైన్లు, మాస్కులు (సిగ్నల్ ఆకారం దాటకూడని హద్దులు), సిగ్నల్ జనరేటర్‌లోని ఫ్రీక్వెన్సీ లిస్టులు, మనం తయారుచేసి ఎక్కించిన ఆర్బిట్రరీ వేవ్‌ఫాంలు, స్కోప్‌లో ఛానెళ్లకి పెట్టిన పేర్లు, బస్ డీకోడ్ (చిప్‌ల మధ్య నడిచే డేటాని చదవడం) కోసం ఎక్కించిన సింబల్ ఫైళ్లు, ఇవన్నీ కస్టమర్ స్పెసిఫికేషన్‌కి అద్దాలే. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో సేవ్ చెయ్యడానికి ఎవరైనా ఆఫీసు యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే అవి కూడా పరికరంలో ఉండిపోయి ఉండొచ్చు. వైఫై పాస్‌వర్డ్ సంగతీ అంతే.

మన పరికరాల విషయం ఇంకా పెద్దగా వార్తల్లోకి ఎక్కలేదు గానీ, ఇలాంటిదే జిరాక్స్ మిషన్ల విషయంలో జరిగింది. అమెరికాలో అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థ అద్దెకి తెచ్చుకున్న కాపియర్లని హార్డ్ డిస్కులు తుడవకుండా వాపసు ఇచ్చేసింది. వాటిలో ఒకదాన్ని 2010లో ఒక టీవీ చానెల్ కొని చూస్తే రోగుల వివరాలు బయటపడ్డాయి. 2013లో ఆ సంస్థ 12,15,780 డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకోవాల్సి వచ్చింది. కాపియర్‌లోని హార్డ్ డిస్కుల్ని వాళ్లు తమ భద్రతా లెక్కలోకే తీసుకోలేదు. స్కోప్‌ల విషయంలో మనమూ అక్కడే ఉన్నాం.

అయితే ఇదంతా చదివి, ఇవాళే కూర్చుని అన్నీ చెరిపెయ్యకండి. ఇక్కడే నేను మిమ్మల్ని గట్టిగా ఆపాలి. కరెంటు పోయినా గుర్తుంచుకునే ఆ మెమరీలో మీ డేటాతో పాటు పరికరం సొంత ప్రాణం కూడా ఉంటుంది. అవే క్యాలిబ్రేషన్ స్థిరాంకాలు. ఫ్యాక్టరీలో ఆ ఒక్క పరికరాన్ని కొలిచి, దాని లోపాలకి సరిపడా లెక్కగట్టి పెట్టిన సంఖ్యలు అవి. అవి పోతే పరికరం ఆన్ అవుతుంది, అంకెలు చూపిస్తుంది, కానీ ఆ అంకెల్ని నమ్మలేం. మా ల్యాబ్‌లో ఒక కుర్రాడు మంచి మనసుతోనే, డేటా బయటికి పోకూడదని, ఒక అనలైజర్ డిస్క్ మొత్తం ఫార్మాట్ చేశాడు. క్యాలిబ్రేషన్ సరిచూసుకోవడానికి పంపాల్సిన పరికరాన్ని రిపేరుకి పంపాల్సి వచ్చింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఇది ఏ మోడల్‌లో ఎక్కడ ఉంటుందనేది మోడల్‌ని బట్టి మారుతుంది. కీసైట్ ఎక్స్ సిరీస్ సిగ్నల్ అనలైజర్లనే తీసుకోండి. అందులో సి డ్రైవ్‌లో విండోస్, కొలత ప్రోగ్రాం ఉంటాయి. డి డ్రైవ్ మీ ఫైళ్లకి. ఇ డ్రైవ్ మాత్రం క్యాలిబ్రేషన్, అలైన్‌మెంట్ డేటా కోసం తయారీదారు తన కోసం ఉంచుకున్నది. దాన్ని ముట్టుకోకూడదు. 1989లో హెచ్‌పీ తెచ్చిన 3458ఎ మల్టీమీటర్‌లో అయితే క్యాలిబ్రేషన్ సంఖ్యలు లోపలే బ్యాటరీ ఉన్న చిన్న మెమరీ చిప్‌లో ఉంటాయి. డల్లాస్ చిప్ అంటారు. దానిలోని బ్యాటరీ ఆయుష్షు పదేళ్లకి పైగా ఉంటుంది గానీ, ఎప్పటికీ ఉండదు. బ్యాటరీ చచ్చిన రోజున క్యాలిబ్రేషన్ కూడా దానితో పోతుంది. అందుకే ఆ మీటర్ ఉన్నవాళ్లు ముందుగానే ఆ సంఖ్యల్ని చదివి కాపీ పెట్టుకుని, చిప్ మార్చుకుంటారు. డేటా భద్రత అంటే బయటివాడికి దొరక్కుండా చూడటమే అనుకుంటాం. మనకి కావాల్సింది మన చేతిలోంచి జారిపోకుండా చూడటం కూడా అందులో సగం.

ఎండీ గారి సలహా గురించి. ఆయన ఆలోచన పూర్తిగా తప్పు కాదు, సగం దారి. విండోస్ స్కోప్‌లో డిస్క్ తీసేస్తే అది బూటే కాదు. బూట్ కానిదాన్ని క్యాలిబ్రేషన్ ల్యాబ్ ఏం చేస్తుంది, అలాగే తిప్పి పంపిస్తుంది. సరైన పద్ధతి రెండో డిస్క్ పెట్టుకోవడం. చాలా విండోస్ స్కోపులకి, అనలైజర్లకి బయటికి లాగి తీసే డిస్కుని తయారీదారులే ఆప్షన్‌గా అమ్ముతారు. రోజువారీ పనికి ఒక డిస్క్. క్యాలిబ్రేషన్‌కి, రిపేరుకి బయటికి వెళ్లేటప్పుడు ఇంకొకటి, అందులో విండోస్, స్కోప్ ప్రోగ్రాం తప్ప ఏమీ ఉండదు. పని డిస్క్ బీరువాలో ఉంటుంది. కొనే ముందు తయారీదారుని ఒకే ప్రశ్న అడగండి: "ఈ మోడల్‌లో క్యాలిబ్రేషన్ డేటా డిస్కులో ఉంటుందా, లోపల బోర్డు మీద ఉంటుందా?" డిస్కులో ఉంటే, కొత్త క్యాలిబ్రేషన్ సంఖ్యలు బయటికి వెళ్లిన డిస్కులోనే పడతాయి, బీరువాలో ఉన్న డిస్కులో పాతవే ఉంటాయి. వాటిని ఎలా కలపాలో వాళ్లు చెప్పాలి. ఈ జవాబు మెయిల్‌లోనే తీసుకోండి. రేపు ఆడిట్‌లో ఫోన్ మాట పనికిరాదు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన మొదటి పని. మీ ఐదు పరికరాలకీ మోడల్ నంబరు పట్టుకుని, తయారీదారు దగ్గర మెమరీ వివరాల పత్రం అడగండి. దీన్ని చాలామంది స్టేట్‌మెంట్ ఆఫ్ వొలటిలిటీ అంటారు. టెక్ట్రానిక్స్ వాళ్లు డీక్లాసిఫికేషన్ అండ్ సెక్యూరిటీ ఇన్‌స్ట్రక్షన్స్ అంటారు, రోడె అండ్ ష్వార్జ్ వాళ్లు ఇన్‌స్ట్రుమెంట్ సెక్యూరిటీ ప్రొసీజర్స్ అంటారు. పేరేదైనా లోపల ఉండేది ఒకటే. ఆ పరికరంలో ఎన్ని మెమరీ చిప్‌లున్నాయి, ఒక్కోదాని సైజు ఎంత, కరెంటు పోతే అందులోది పోతుందా ఉంటుందా, అందులో యూజర్ రాయగలడా లేడా, చెరిపే దారి ఏది, ఇదంతా పట్టికలా ఇస్తారు. రక్షణ సంస్థలు అడిగి అడిగి తెప్పించిన పత్రం ఇది. పెద్ద కంపెనీల మోడళ్లకి ఎక్కువగా వాళ్ల సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. మీ ఆడిటర్ గారు రాసివ్వమన్నదానికి అసలు పునాది ఇదే. మీ మాట మీద కాకుండా తయారీదారు మాట మీద నిలబడి రాస్తారు. అలాంటి పత్రం ఇవ్వలేని బ్రాండ్ అయితే, ఆ పరికరంలో అన్నీ ఉండిపోతాయనే అనుకుని నడవండి. నా అభిప్రాయం అడిగితే, ఇకమీదట పరికరం కొనేటప్పుడు కొటేషన్‌తో పాటే ఈ పత్రం కూడా అడగాలి.

రెండోది చెరపడం. మన ల్యాబ్‌ల్లో ఒక అపోహ బాగా పాతుకుపోయింది: ప్రీసెట్ బటన్ నొక్కితే అంతా పోయినట్టే అని. ప్రీసెట్, డిఫాల్ట్ సెటప్ లాంటివి ఆ క్షణంలో తెర మీదున్న సెట్టింగుల్ని మాత్రమే మొదటికి తెస్తాయి. సేవ్ చేసినవి ఎక్కడివక్కడే ఉంటాయి. ఫైల్ డిలీట్ చెయ్యడం, క్విక్ ఫార్మాట్ చెయ్యడం కూడా పుస్తకంలో విషయసూచిక పేజీ చింపెయ్యడం లాంటివే. లోపలి పేజీలు అలాగే ఉంటాయి, ఓపికున్నవాడు చదువుకోవచ్చు.

నిజంగా చెరిపే దారి పరికరంలోనే ఇస్తారు. కీసైట్ ఇన్‌ఫినీవిజన్ స్కోపుల్లో సేవ్/రీకాల్ కింద సెక్యూర్ ఎరేజ్ అని ఉంటుంది. టెక్ట్రానిక్స్ స్కోపుల్లో చాలావాటికి యుటిలిటీ మెనూలో టెక్‌సెక్యూర్ అని ఉంటుంది. కీసైట్ ఈఎస్‌జీ, పీఎస్‌జీ లాంటి సిగ్నల్ జనరేటర్లలో ఇంకాస్త లోతుగా ఉంటుంది. ఊరికే చెరపడం, చెరిపి దాని మీద వేరేది రాయడం, దాన్ని మించి శానిటైజ్ చెయ్యడం, ఇలా మెట్లుంటాయి. ఈ దారుల గొప్పతనం ఏమిటంటే, ఏది యూజర్ డేటా, ఏది క్యాలిబ్రేషన్ అన్నది ఆ పరికరం చేసినవాళ్లకే తెలుసు కాబట్టి, మీది తీసేసి తనది ఉంచుకుంటుంది. విండోస్ పరికరాలకి ఈ బటన్ ఒక్కటే చాలదు. విండోస్ తన తాత్కాలిక ఫైళ్లలో, ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితాలో, ఇంకా ఎన్నో మూలల్లో జాడలు వదులుతుంది. అందుకే మీ స్కోప్‌కి రెండో డిస్క్ దారే చెప్పాను.

ఫ్లాష్ మెమరీ గురించి ఒక్క మాట. పాత హార్డ్ డిస్క్ మీద ఉన్నదాని మీదే మళ్లీ రాస్తే పాతది పోతుంది, పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు. ఫ్లాష్, ఎస్‌ఎస్‌డీ, మెమరీ కార్డు అలా కాదు. ఒకే చోట పదేపదే రాస్తే అరిగిపోతుందని, లోపలి కంట్రోలర్ ప్రతిసారీ కొత్త చోట రాస్తుంది. మీరు పాతదాని మీద రాశాననుకుంటారు, అది పక్క గదిలో రాసి ఉంటుంది. అందుకే పెన్ డ్రైవ్‌ని ఏడుసార్లు తిరగరాసే ప్రోగ్రాంలని నమ్ముకోకండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన 800-88 మార్గదర్శకాల్లో మూడు స్థాయిలు చెబుతుంది: మామూలు ప్రయత్నాలకి దొరక్కుండా తుడవడం, ల్యాబ్ పరికరాలతో వెతికినా దొరక్కుండా చెయ్యడం, వస్తువునే ధ్వంసం చెయ్యడం. ఏ డేటాకి ఏ స్థాయి అన్నది మీరు నిర్ణయించకూడదు. మీ కస్టమర్ ఒప్పందంలో ఉంటుంది, లేకపోతే వాళ్లనే రాతపూర్వకంగా అడగండి. రక్షణ పనిలో చాలాసార్లు "డిస్క్ మా గేటు దాటి పోకూడదు, పాడైతే మాకే అప్పగించాలి" అంటారు. అప్పుడు చెరిపే గొడవే ఉండదు.

మల్టీమీటర్ల గురించి పెద్దగా దిగులు పడకండి. ఉదాహరణకి 34401ఎ లాంటి మీటర్ 512 రీడింగులు దాచుకుంటుంది, అవి స్విచ్‌తో పోతాయి. పాతికవేల పాయింట్లు లాగ్ చేసుకునే కొత్త మోడల్ అయితే మాత్రం పత్రం చూడండి.

పంపడం విషయానికొస్తే, ముందు పంపకుండా పని జరుగుతుందేమో చూడండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుల్లో కొన్నింటికి కస్టమర్ దగ్గరికే వచ్చి చేసే అనుమతి కూడా ఉంటుంది. వాళ్ల గుర్తింపు పత్రంలో ఏ కొలతలు బయట చేయొచ్చో విడిగా రాసి ఉంటుంది. మల్టీమీటర్లకి, స్కోప్‌కి ఇది కుదిరే అవకాశం ఎక్కువ. ఆర్‌ఎఫ్ పరికరాలకి తక్కువ. పంపక తప్పకపోతే, ల్యాబ్‌తో గోప్యత ఒప్పందం చేసుకోండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ల్యాబులకి వర్తించే ఐఎస్‌ఓ/ఐఈసీ 17025:2017 ప్రమాణం 4.2 సెక్షన్‌లో, కస్టమర్ సమాచారాన్ని కాపాడే బాధ్యత ల్యాబ్‌దేనని, అది చట్టపరంగా కట్టుబడేలా ఉండాలని ఉంది. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఇచ్చేది ఆ ప్రమాణం మీదే. మీ రిటర్నబుల్ గేట్ పాస్ మీద పరికరం సీరియల్ నంబరుతో పాటు, లోపలున్న డిస్క్ సీరియల్ నంబరు కూడా రాయండి. వెళ్లిన డిస్కే తిరిగి వచ్చిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. "మమ్మల్ని అడక్కుండా ఫర్మ్‌వేర్ మార్చవద్దు" అని చలాన్ మీద ఒక వాక్యం చేర్చండి. ఫర్మ్‌వేర్ అంటే పరికరం లోపల నడిచే ప్రోగ్రాం.

క్యాలిబ్రేషన్ కన్నా రిపేరు ప్రమాదం. దీని గురించి ఎవరూ మాట్లాడరు. పరికరం చచ్చిపోయి ఉంటే మీరు సెక్యూర్ ఎరేజ్ నొక్కలేరు కదా, మెనూయే రాదు. సర్వీస్ సెంటర్ వాళ్లు చాలాసార్లు పాడైన బోర్డుని బాగుచెయ్యరు, కొత్త బోర్డు వేసి పాతది తమ దగ్గర ఉంచేసుకుంటారు. ఆ పాత బోర్డు మీద మీ కస్టమర్ ఫ్రీక్వెన్సీ లిస్టులున్న ఫ్లాష్ చిప్ ఉండొచ్చు. దానికి మీ గేట్ పాస్ మీద లెక్క ఉండదు, పరికరం తిరిగి వచ్చింది కాబట్టి ఎవరూ అడగరు. కాబట్టి రిపేరుకి ఇచ్చేటప్పుడే "మార్చిన మెమరీ బోర్డు, డిస్క్ మాకు తిరిగి ఇవ్వాలి" అని రాయించుకోండి. దానికి కొంచెం ఎక్కువ ధర అడగొచ్చు. అది కట్టాల్సిన డబ్బే.

ఇక వైఫై. దీన్ని ఇవాళే ఆపించండి. మిగతావన్నీ వచ్చే వారం చేసుకోవచ్చు, ఇది మాత్రం ఇవాళ. మన పరికరాల నెట్‌వర్క్ వ్యవస్థ ఒకరినొకరు నమ్మే రోజుల్లో పుట్టింది. 1975లో ప్రమాణమైన, పరికరాల్ని కంప్యూటర్‌కి కలిపే జీపీఐబీ కేబుల్ గది దాటి వెళ్లేది కాదు కాబట్టి తాళం అవసరం రాలేదు. తర్వాత అవే ఆజ్ఞల్ని లాన్ (ఆఫీసు నెట్‌వర్క్) మీదికి తెచ్చారు, తాళం మాత్రం తేలేదు. చాలా పరికరాల్లో 5025 పోర్టుకి (ఆజ్ఞలు తీసుకునే నెట్‌వర్క్ ద్వారానికి) కనెక్ట్ అయితే చాలు, పేరు అడగదు, పాస్‌వర్డ్ అడగదు, పంపిన ఆజ్ఞ పాటిస్తుంది, తెర మీదున్నది ఇచ్చేస్తుంది. ఆఫీసు వైఫైలో ఉన్న ఏ ల్యాప్‌టాప్ అయినా, వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ఏ ఫోనైనా ఆ పని చేయగలదు. ఎన్‌క్రిప్షన్ ఉన్న హైస్లిప్ 2.0 లాంటి కొత్త పద్ధతులు వచ్చాయి, కానీ మీ విండోస్ 7 స్కోప్‌కి వాటిని ఆశించలేం.

ఆ విండోస్ 7 ఇంకో తలనొప్పి. మైక్రోసాఫ్ట్ దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆపేసింది. తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ, ప్రపంచంలోనే అతి పెద్ద చిప్ కాంట్రాక్ట్ తయారీ సంస్థ, 2018 ఆగస్టు 3న వాన్నాక్రై వైరస్ రకం ఒకటి సోకి ప్లాంట్లు ఆపుకోవాల్సి వచ్చింది. కారణం ఏమిటో వాళ్లే చెప్పారు: కొత్తగా తెచ్చిన ఒక యంత్రాన్ని వైరస్ పరీక్ష చెయ్యకుండా నెట్‌వర్క్‌కి కలపడం. ఆ వైరస్ లోపానికి మందు అంతకు ముందు ఏడాది 2017 మార్చిలోనే వచ్చింది, ఆ యంత్రాలకి ఎక్కలేదు. అంత పెద్ద సంస్థలో అంత చిన్న పొరపాటుకి అంత జరిగింది. మీరు చెయ్యాల్సింది ఖరీదైన పనేమీ కాదు. ఒక చిన్న స్విచ్ కొని, పరికరాలు, టెస్ట్ పీసీ మాత్రమే దానికి కలపండి. ఆ స్విచ్ నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి గానీ ఇంటర్నెట్‌కి గానీ కేబుల్ ఉండకూడదు. స్కోప్‌కి పెట్టిన వైఫై డాంగిల్ తీసేయించండి. పరికరాల వెబ్ పేజీకి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఉంటే మార్చండి. యాంటీవైరస్ వెయ్యాలనుకుంటే తయారీదారు ఒప్పుకున్నదే వెయ్యండి, కొన్ని స్కాన్‌లు కొలతల మధ్యలో పరికరాన్ని నెమ్మది చేస్తాయి.

అప్పుడు డేటా బయటికి పెన్ డ్రైవ్ మీదే వస్తుంది. ల్యాబ్‌కి ప్రత్యేకంగా రెండు పెన్ డ్రైవ్‌లు పెట్టి, వాటికి ఎర్ర దారం కట్టండి. ఆ దారం ఉన్నవి తప్ప ఏదీ పరికరంలో పెట్టకూడదు, అవి ఇంటికి పోకూడదు, పరికరంలో పెట్టే ముందు ప్రతిసారీ టెస్ట్ పీసీలో స్కాన్ కావాలి. టేపు, దారం లాంటి కంటికి కనిపించే గుర్తు పెట్టినప్పుడు కుర్రాళ్లు పాటిస్తారు. గోడ మీద అంటించిన సర్క్యులర్‌ని పాటించరు, నేను చూశాను.

ఫోన్ల విషయం కూడా చెప్పాలి, నొచ్చుకోకండి. మీ ల్యాబ్‌లో కూడా రీడింగ్ రాగానే తెర ఫోటో తీసి డిజైన్ వాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో పెడుతూ ఉంటారనుకుంటున్నాను. దాదాపు అన్ని చిన్న కంపెనీల్లో చూశాను. ఒక్క ఫోటోలో ఫ్రీక్వెన్సీ, పవర్, తేదీ, పార్ట్ నంబరు అన్నీ ఉంటాయి, అది ఎన్ని ఫోన్లకి చేరిందో ఎవరికీ తెలియదు. ఇది స్కోప్ ఫ్లాష్ చిప్ కన్నా పెద్ద చిల్లు. ఫోటో బదులు పరికరంలోనే స్క్రీన్ సేవ్ చేసి టెస్ట్ పీసీలో పెట్టండి. మీ సిగ్నల్ జనరేటర్‌లో తెర ఖాళీ చేసే సెట్టింగ్ ఉంటే, అనలైజర్‌లో ఫ్రీక్వెన్సీ అంకెలు దాచే సెట్టింగ్ ఉంటే, సందర్శకులు వచ్చిన రోజున వాడండి.

దాచుకోవడం గురించి మీరు అడగలేదు, కానీ చెరపమని ఇంతగా చెప్పాక అది చెప్పకపోతే తప్పు. చెరిపే ముందు మీకు కావాల్సినవి బయటికి తీసుకోవాలి. సెటప్ ఫైళ్లు, లిమిట్ లైన్లు, కరెక్షన్ ఫైళ్లు, ఇవి మళ్లీ చెయ్యాలంటే రోజులు పడతాయి. వేవ్‌ఫాంలని సీఎస్‌వీలో (అంకెల్ని అక్షరాలుగా రాసే ఫైల్‌లో) కాకుండా పరికరం సొంత ఫార్మాట్‌లో దాచండి. కోటి పాయింట్ల రికార్డు 8 బిట్లలో 10 ఎంబీ ఉంటుంది. అదే సీఎస్‌వీలో, పాయింటుకి 25 అక్షరాల చొప్పున వేసుకున్నా 250 ఎంబీ అవుతుంది. ఎఫ్‌ఏటీ 32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవ్‌లో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు కాబట్టి పెద్ద రికార్డులు మధ్యలో తెగిపోతాయి. ప్రతి ఫైల్ పేరులో మాడ్యూల్ సీరియల్ నంబరు, తేదీ ఉండేలా చూడండి. ఫైల్‌కి షా-256 సంఖ్య (ఫైల్ వేలిముద్ర లాంటిది, ఫైల్ కాస్త మారినా అదీ మారిపోతుంది) తీసి రిజిస్టర్‌లో రాసుకుంటే, ఏడాది తర్వాత ఈ ఫైల్‌ని ఎవరూ మార్చలేదని చూపించగలరు. పరికరం గడియారం కూడా ఒకసారి చూడండి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే ప్రతి కొలత మీదా ఏదో పాత తేదీ పడుతుంది, ఆడిట్‌లో ఆ ఫైళ్లన్నీ అనుమానంలో పడతాయి.

ఎప్పుడైనా నిజంగానే డేటా పోయిందని, పరికరం ద్వారా వైరస్ వచ్చిందని తెలిస్తే దాచకండి. సైబర్ సంఘటనల్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి సంఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్లకి తెలపాలి. ఆ ఆదేశాలు చిన్న కంపెనీలకీ వర్తిస్తాయి. కస్టమర్‌కి చెప్పాల్సిన గడువు మీ ఒప్పందంలో ఉంటుంది, చూసి పెట్టుకోండి.

ఆడిటర్ గారికి ఇచ్చే కాగితం ఒక పేజీ చాలు. ఒక్కో పరికరానికి ఒక వరుస: మోడల్, సీరియల్ నంబరు, కరెంటు పోయినా ఉండే మెమరీ ఏది, తయారీదారు పత్రం నంబరు, చెరిపే పద్ధతి, చెరిపినవారి సంతకం, తేదీ. స్కోప్ వరుసలో "పని డిస్క్ బయటికి వెళ్లదు" అని రాయండి. పత్రం దొరకని పరికరం ఉంటే ఆ వరుసలో "వివరాలు తయారీదారు నుంచి రావాలి, అంతవరకు బయటికి పంపం" అని ఉన్నదున్నట్టు రాయండి. ఆడిటర్లు ఖాళీ గడిని క్షమిస్తారు, తప్పుగా నింపిన గడిని క్షమించరు.

గడువు 10వ తేదీ కాబట్టి ఈ వారం పత్రాలు, డిస్క్ ఆర్డర్, ల్యాబ్ ఒప్పందం మొదలుపెట్టండి. డిస్క్ సమయానికి రాకపోతే స్కోప్‌ని పక్కన పెట్టి, గడువు దాటిందని స్టిక్కర్ అంటించండి, కొలతలకి వాడకండి. తొందరపడి పంపడం కన్నా అది నయం, ఏ ఆడిటరూ తప్పుపట్టరు. పరికరం తిరిగి వచ్చాక వెంటనే మీ స్విచ్‌కి కలపకండి. డిస్క్ సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ వెర్షన్ గేట్ పాస్‌తో సరిచూడండి, బయటికి వెళ్లిన డిస్క్‌ని స్కాన్ చెయ్యండి, తర్వాత పని డిస్క్ పెట్టి, మీకు విలువ ముందే తెలిసిన ఒక మాడ్యూల్‌ని కొలిచి చూడండి. అంకె పాతదానితో కలిస్తే, అప్పుడు కేబుల్ పెట్టండి.